"డాడీకి పంపిస్తా అన్నడు": ఆన్‌లైన్ బెదిరింపులో చిక్కుకున్న పదమూడేళ్ల బాబు కేస్ స్టడీ

ఈ కేసులోని పిల్లవాడిని బాబు అనే అంటాను. వయసు, తరగతి, ఊరు, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాను. ఇలాంటి ఇతర కేసుల్లో చూసిన సంగతులు కూడా కొన్ని కలిపాను. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల ఆనవాలు మీడియాలో బయటపెట్టడం నేరం. ఆ సెక్షన్ లేకపోయినా నేను ఇలాగే రాసేదాన్ని. పిల్లలతో పనిచేసే కౌన్సిలర్లు, టీచర్లు, చేతిలో ఫోన్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు చదవాలని రాస్తున్నాను.

వచ్చిన ఫిర్యాదు

ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణం. బాబు ఎనిమిదో తరగతి. తండ్రి దుబాయ్‌లో డ్రైవర్, రెండేళ్లకోసారి ఇంటికొస్తాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. నాయనమ్మ, ఏడేళ్ల చెల్లెలు కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. రెండు వీధుల అవతల బాబాయ్ కుటుంబం. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్. రోజూ రాత్రి తండ్రి వీడియో కాల్ చేసేది దానికే, ఆ కాల్ అయ్యాక అది బాబు చేతిలో ఉండేది.

పిల్లల డాక్టర్ రాసి పంపిన చీటీలో విషయం సూటిగా ఉంది. కొన్ని వారాలుగా కడుపునొప్పి, స్కానింగ్ నార్మల్, రక్త పరీక్షలు నార్మల్, స్కూలుకు వెళ్లనని మొండికేస్తున్నాడు. నాయనమ్మ అప్పటికే రెండుసార్లు దిష్టి తీసింది. తల్లికి ఇంకో దిగులు ఉంది. బియ్యం డబ్బాలో దాచుకున్న బీడీల పైసలు తగ్గిపోతున్నాయి. "అడిగితే తల దించుకుంటడు గని నోరు తెరవడు మేడం. ఒకసారి కోపం పట్టలేక కొట్టిన కూడా" అంది.

బడి అంటే భయంతో వచ్చే కడుపునొప్పికి ఒక తీరు ఉంటుంది. పొద్దున్నే మొదలవుతుంది, పదకొండు గంటలకల్లా తగ్గుతుంది, ఆదివారం అసలు కనిపించదు. ఈ బాబుకు ఆదివారం నొప్పి ఎక్కువయ్యేది. రాత్రి తొమ్మిది దాటాక మరీ ఎక్కువ. ఆ టైమ్‌లో ఇంట్లో ఏం జరుగుతుందని అడిగితే తల్లి చెప్పింది: "ఏం లేదు మేడం. వాళ్ల డాడీ ఫోన్ చేస్తడు, మాట్లాడతం, నేను బీడీల కాడ కూసుంట, వీడు ఫోన్ చూసుకుంట పంటడు."

మొదటిసారి కలిసినప్పుడు బాబు ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. అది టింగుమన్న ప్రతిసారీ భుజాలు బిగుసుకునేవి, కానీ తీసి చూసేవాడు కాదు. ఆ వయసు పిల్లలు నోటిఫికేషన్ వస్తే చూడకుండా ఉండలేరు. చూడటానికే భయపడుతున్నాడంటే అవతల ఎవరో ఉన్నారని అనుమానం వచ్చింది.

ఏ పిల్లలతోనైనా మొదటి భేటీలోనే చెప్పే మాట ఇతనికీ చెప్పాను. నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. కానీ నీ ప్రాణానికి ప్రమాదం అనిపించినా, ఎవరైనా నీ ఒంటి విషయంలో తప్పుగా ప్రవర్తించారని తెలిసినా నేను పెద్దవాళ్లకు, అవసరమైతే పోలీసులకు చెప్పాల్సి వస్తుంది. చెప్పే ముందు నీకు చెప్పే చేస్తాను. కొందరు కౌన్సిలర్లు ఇలా చెబితే పిల్లలు నోరు మూసుకుంటారని భయపడతారు. నా అనుభవంలో జరిగేది దానికి విరుద్ధం. అన్నీ రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి తర్వాత తప్పితే, ఆ పిల్లవాడు జీవితంలో మరో పెద్ద మనిషిని నమ్మడు.

చెప్పిన రోజు

రెండో భేటీలో "ఫోన్‌లో ఏం చేశావు" అని అడగలేదు. ఆ ప్రశ్నలోనే తప్పు పిల్లవాడిదన్న ధ్వని ఉంది. "ఫోన్‌లో ఎవరైనా నిన్ను భయపెడుతున్నారా? ఏం చేస్తామంటున్నారు?" అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు.

"డాడీకి పంపిస్తా అన్నడు."

ఏం పంపిస్తాడో అప్పుడే అడగలేదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "ఈ భయంతో చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని నేరుగా అడిగాను. ఇలా అడిగితే లేని ఆలోచన పిల్లలకు కొత్తగా పుడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అడిగినప్పుడే వాళ్లకు ఊపిరాడుతుంది. అనిపించిందని తల ఊపాడు. ఇంటి వెనక గదిలో పొలం మందులు ఉన్నాయని తెలిసింది. ఆ సాయంత్రమే వాటిని బాబాయ్ తన ఇంటికి తీసుకెళ్లి తాళం వేశాడు. రాత్రి పక్కన ఎవరు పడుకోవాలో, మనసు పాడైతే బాబు మొదట ఎవరితో చెప్పాలో ముగ్గురం కూర్చుని రాసుకున్నాం. అర్ధరాత్రి నేను అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు చేయమని ఆ కాగితం మీదే రాశాను. బెదిరింపు కేసుల్లో అన్నిటికంటే ముందు ఈ పని జరగాలి. చట్టం, సాక్ష్యం, ఫిర్యాదు అన్నీ దీని తర్వాతే. 2021 అక్టోబర్ నుంచి 2023 మార్చి వరకు అమెరికాలో ఫొటోలతో బెదిరించి డబ్బు గుంజిన కేసుల్లో కనీసం 12,600 మంది పిల్లలు బాధితులని, వాళ్లలో ఎక్కువమంది మగపిల్లలని, కనీసం 20 మంది ప్రాణాలు తీసుకున్నారని ఎఫ్‌బీఐ ప్రకటించింది. మగపిల్లాడికి ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు నేను ఈ అంకెలు చెబుతాను.

వాడు ఎలా దగ్గరయ్యాడు

తర్వాతి భేటీల్లో బాబు చెప్పినదాన్నిబట్టి, మిగిలిన చాట్‌నుబట్టి జరిగింది ఇదీ.

పరిచయం ఒక షూటింగ్ గేమ్‌లో. నలుగురు టీమ్‌గా ఆడేటప్పుడు వాయిస్ చాట్ ఆన్‌లో ఉంటుంది. హిందీలో మాట్లాడే ఒకడు బాబు ఆటను మెచ్చుకున్నాడు. తనకు పదహారేళ్లని, పదో తరగతని చెప్పాడు. బాబు భయ్యా అని పిలిచేవాడు. దాదాపు మూడు నెలలు ఆట తప్ప ఏమీ లేదు. మధ్యలో రెండుసార్లు గేమ్‌లో డబ్బులా వాడుకునే డైమండ్స్ గిఫ్ట్‌గా పంపాడు. తండ్రి దగ్గర లేని పిల్లవాడికి రోజూ ఒకే టైమ్‌కు వచ్చి "ఆజ్ స్కూల్ మే క్యా హువా" అని అడిగే అన్న దొరికాడు. చివరికి ఎలా ముగిసినా, ఆ మూడు నెలల్లో బాబుకు కలిగిన సంతోషం నిజమైనదే. దాన్ని కాదంటే పిల్లవాడు మనతో మాట్లాడటం మానేస్తాడు.

ఆ కబుర్లలోనే వాడు ఇల్లంతా చదివేశాడు. తండ్రి ఎక్కడుంటాడు, ఎప్పుడు ఫోన్ చేస్తాడు, తల్లి ఎన్నింటి దాకా బీడీలు చుడుతుంది, నాయనమ్మ ఎప్పుడు పడుకుంటుంది, ఫోన్‌కు లాక్ ఎవరు పెట్టారు. ఏదీ గుచ్చి గుచ్చి అడగలేదు. తన ఇంటి గురించి ఒకటి చెప్పి, మీ ఇంట్లో ఎలా అని అడిగేవాడు. ఒకరోజు బాబు తండ్రి మీద అలిగి చెప్పుకున్న మాట చాట్‌లో ఉంది. "ఫోన్‌తోని ఏమన్న పిచ్చి పని చేసినవని తెలిస్తే ఫోన్ పగలగొట్టి నిన్ను హాస్టల్ల పడేస్త" అని తండ్రి అన్నాడట. భయ్యా ఓదార్చాడు. నెలలు గడిచాక బెదిరించడం మొదలుపెట్టిన రోజు, అదే మాటను తిప్పి ఇతనికే పంపాడు. మీ నాన్న నిన్ను హాస్టల్లో పడేస్తానన్నాడు కదా, ఈ ఫొటో చూస్తే ఏం చేస్తాడో చూద్దామా అని.

ఈ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. పిల్లవాడిని కట్టిపడేసిన బెదిరింపు బయట నుంచి రాలేదు. అది ఆ ఇంట్లో పుట్టింది. ప్రేమతో, జాగ్రత్త కోసం, దూరంగా ఉన్న తండ్రికి తోచిన ఒకే విధంగా అన్న మాట అది. దాదాపు ప్రతి ఇంట్లో అనే మాట.

మిగతాది త్వరగా జరిగింది. గేమ్ చాట్‌లో మాటలు సరిగా వినబడటం లేదంటూ వేరే మెసేజింగ్ యాప్‌కు రమ్మన్నాడు. అక్కడ చూడగానే మాయమయ్యే మెసేజ్‌లు పెట్టాడు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలన్నాడు. చిన్న చిన్న పందాలు మొదలయ్యాయి. తర్వాత ఫొటో అడిగాడు. బాబు వద్దన్నాడు. అలిగాడు, ఆట మానేశాడు, ఇచ్చిన డైమండ్స్ గుర్తుచేశాడు, తన ఫొటో అని చెప్పి వేరే కుర్రాడిది పంపాడు. చివరికి ఒక రాత్రి బాబు పంపాడు. మరుసటి రోజే గొంతు మారిపోయింది. బాబు ఫ్రెండ్స్ లిస్టులో ఉన్న క్లాస్‌మేట్ల, పెద్దనాన్న కొడుకు ప్రొఫైళ్లు స్క్రీన్‌షాట్లు తీసి పంపాడు. ఇంకా ఫొటోలు కావాలన్నాడు, తర్వాత డబ్బు కావాలన్నాడు. బాబుకు బ్యాంకు ఖాతా లేదు. బియ్యం డబ్బాలోంచి తీసిన నోట్లు వీధి చివరి కిరాణా కొట్టులో ఇచ్చి, వాడు పంపిన యూపీఐ నంబర్‌కు కొట్టు అతనితో పంపించేవాడు. "ఫ్రెండ్‌కు ఇవ్వాలి అంకుల్" అంటే అతను అడగలేదు.

తెలియనివాళ్లతో మాట్లాడొద్దని తల్లి ఎన్నోసార్లు చెప్పింది. బాబు ఆ మాట వినలేదని కాదు. అతని లెక్కలో భయ్యా తెలియనివాడు కాదు, మూడు నెలల స్నేహితుడు. అందుకే ఇప్పుడు తల్లిదండ్రులకు ఆ సలహా ఒక్కటే ఇచ్చి ఊరుకోను. అవతలివాడు తెలిసినవాడా కాదా అన్నది పిల్లలు తేల్చలేరు. వాడు వేరే యాప్‌కు రమ్మన్నాడా, ఇంట్లో చెప్పొద్దన్నాడా, ఊరికే ఏదైనా ఇచ్చాడా, పక్కన ఎవరున్నారని అడుగుతున్నాడా అన్నది తొమ్మిదేళ్ల పిల్లలు కూడా గుర్తుపట్టగలరు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా వచ్చి చెప్పమనాలి.

మొదటి ఇరవై నాలుగు గంటలు

తల్లిని లోపలికి పిలిచే ముందు బయట ఆమెతో విడిగా మాట్లాడాను. పిల్లలు చెప్పిన మొదటి నిమిషంలో తల్లి ముఖం ఎలా మారిందన్నది వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. మీరు వినబోయేది కష్టమైన సంగతి, వాడు తప్పు చేసినవాడిలా కాక దెబ్బ తగిలినవాడిలా వచ్చాడని అనుకోండి, కొట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు, ఏదీ డిలీట్ చేయొద్దని చెప్పాను. ఆమె విని, ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. మొదట "పైసలు గందుకే తీసినవా" అంది. తర్వాత వాడి పక్కన కుర్చీలో కూర్చుని వీపు మీద చెయ్యి వేసి, మళ్లీ తీయలేదు. నాకు తెలిసి ఈ చికిత్సలో సగం పని ఆ పది నిమిషాల్లోనే అయిపోయింది.

ఈలోగా బాబాయ్ వచ్చాడు. మంచి మనిషి, తొందర మనిషి. తనకు తెలిసిన ఒక కానిస్టేబుల్‌కు చూపించడానికి ఆ ఫొటోలు తన వాట్సాప్‌కు పంపమన్నాడు. అక్కడే ఆపాను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అలాంటి చిత్రాలు ఎవరు ఎవరికి పంపినా, ఎంత మంచి ఉద్దేశంతో పంపినా, అవి ఇంకో ఫోన్‌లోకి చేరినట్టే. ఐటీ చట్టం 67బి సెక్షన్ అలా పంపడాన్ని నేరంగా చూస్తుంది. ఫోన్‌లో దాచుకోవడం కూడా పోక్సో 15వ సెక్షన్ కింద నేరం కావచ్చని 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో వీటిని అశ్లీల చిత్రాలు అనడం మానేసి, పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీకి సాక్ష్యంగా చూడాలని కూడా అంది. పోలీసులకు ఫోన్ ఇస్తాం. ఫొటో ఫార్వర్డ్ చేయం. ఈ తేడా ప్రతి కుటుంబానికీ చెప్పాలి.

ఆ సాయంత్రం మేము చేసింది వేరు. వాడి ప్రొఫైల్ పేరు, దాని లింకు, గేమ్‌లో ఐడీ నంబర్ రాసుకున్నాం. పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఐడీ నంబర్ సాధారణంగా మారదు. బెదిరింపు మెసేజ్‌లను తల్లి ఇంకో ఫోన్‌తో ఫొటో తీసింది. ఎందుకంటే కొన్ని యాప్‌లలో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది. తీసింది బెదిరింపు రాతలనే, పిల్లవాడి చిత్రాలను కాదు. కిరాణా కొట్టు అతని దగ్గరికి బాబాయ్ వెళ్లి ఏయే తేదీల్లో ఎంత పంపాడో, ఏ యూపీఐ ఐడీకి పంపాడో, లావాదేవీ నంబర్లు రాయించుకొచ్చాడు. ఆ కాగితమే తర్వాత కేసుకు ఆధారమైంది. వాడికి ఎవరూ జవాబు ఇవ్వలేదు, తిట్టలేదు, మరో రూపాయి పంపలేదు. డబ్బు ఇస్తే ఆగడు. ఇచ్చేవాళ్లని తెలిస్తే ఇంకా అడుగుతాడు.

ఫోన్ పోలీసులకు అప్పగించే ముందు ఇంకో పని చేశాం. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే అమెరికా సంస్థ టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ నడుపుతోంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన ఫొటో మన ఫోన్‌లో ఉంటే, ఆ సైట్ దాన్ని తీసుకోకుండానే ఫోన్‌లోనే దాని వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు తయారుచేస్తుంది. ఆ గుర్తు మాత్రమే అక్కడికి వెళుతుంది. ఒప్పుకున్న కంపెనీలు, వాటిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉన్నాయి, అదే చిత్రం తమ దగ్గర కనిపిస్తే తొలగిస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రైవేట్ చాట్‌లలో ఇది పనిచేయదు. అన్ని యాప్‌లూ ఇందులో చేరలేదు. అయినా ఆ బటన్ బాబే నొక్కాడు. కొన్ని వారాలుగా ఏదీ తన చేతుల్లో లేదనుకున్న పిల్లవాడు ఒక పని తనే చేశాడు. చికిత్స దృష్టితో చూస్తే దానికి చాలా విలువ ఉంది.

చెప్పాలా వద్దా

రాత్రి కుటుంబంలో గొడవ జరిగింది. "ఆడపిల్ల కూడా కాదు, ఏం జరగలే, బయటపడితే పరువు పోతది, బ్లాక్ చేసి వదిలేద్దాం" అని పెద్దల మాట. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. చిన్న ఊళ్లో ఒక మాట బయటికి పొక్కితే ఏమవుతుందో నాకూ తెలుసు.

కానీ నిర్ణయం వాళ్లది కాదు, నాదీ కాదు. 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరం దాస్తే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఆ కారణంగా ఏ కేసూ ఉండదని కూడా అదే చట్టం చెబుతుంది. మహారాష్ట్రలో హాస్టల్ పిల్లల కేసులో, విషయం తెలిసీ చెప్పని డాక్టర్ మీద కేసు కొట్టేయడాన్ని 2022లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఈ చట్టంలో ఆడపిల్ల, మగపిల్లాడు అనే తేడా లేదు. పద్దెనిమిదేళ్లలోపు ఎవరైనా పిల్లలే.

మొదటి భేటీలో చెప్పిన మాట ప్రకారం ముందు బాబుకే చెప్పాను. "పోలీసులు నన్ను తిడతరా?" అని అడిగాడు. చట్టం ఏమంటుందో వాడికి అర్థమయ్యేలా చెప్పాను. నువ్వు స్టేషన్‌కు రానక్కర్లేదు, నువ్వు చెప్పిన చోటికి వాళ్లే వస్తారు, యూనిఫాంలో రారు, వీలైనంత వరకు మహిళా ఎస్సై రాసుకుంటారు, అమ్మ నీ పక్కనే ఉంటుంది. వాడు నా గది కావాలన్నాడు.

మొదట వెళ్లిన స్టేషన్‌లో ఇది సైబర్ కేసు కాబట్టి జిల్లా కేంద్రానికి వెళ్లమన్నారు. పోలీసులు, కోర్టులు ఎలా పనిచేయాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆ సంగతి రాసి ఇచ్చాక తీసుకున్నారు. మరుసటి రోజు వచ్చిన మహిళా ఎస్సై చుడీదార్‌లో వచ్చింది. ముందు ఆ గేమ్ ఎలా ఆడతారో బాబునే అడిగి తెలుసుకుంది. అరగంట తర్వాత గానీ కేసు మాట ఎత్తలేదు. ఆమె పట్ల నాకు చాలా గౌరవం. డబ్బు విషయం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు, మిగతాది జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేశాం. పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేశారు. కమిటీ ఒక సపోర్ట్ పర్సన్‌ను ఇచ్చింది. 2020 పోక్సో నియమాల ప్రకారం కేసు పూర్తయ్యే దాకా కుటుంబానికి తోడుండాల్సిన మనిషి ఆ సపోర్ట్ పర్సన్. చాలా కుటుంబాలకు ఈ సౌకర్యం ఉందనే తెలియదు. అడగాలి.

జవాబు రాకపోయేసరికి ఆ భయ్యా అన్నంత పనీ చేశాడు. ఒక ఫొటో పెద్దనాన్న కొడుక్కి పంపాడు. అతను డిగ్రీ చదువుతున్నాడు. ఎవరికీ పంపలేదు, ఆ అకౌంట్‌ను రిపోర్ట్ చేశాడు, నేరుగా బాబాయ్‌కు ఫోన్ చేశాడు. తర్వాత పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాడు. బాబు ఎంతో భయపడిన ఆ సంఘటన జరిగింది, ఇల్లు కూలిపోలేదు. వారం తర్వాత ఆ అన్న ఇంటికి వచ్చి ఫొటో సంగతే ఎత్తకుండా వాడితో క్రికెట్ ఆడి వెళ్లాడు.

చికిత్స

కొన్ని నెలలు నడిచింది. పీడకలలు, ఉలికిపాటు, ఫోన్ శబ్దానికి భయం ఉన్నాయి కానీ పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) అనదగిన పూర్తి లక్షణాలు లేవు. మొదటి వారాలు నిద్ర మీద, కడుపునొప్పి మీదే పనిచేశాం. నొప్పి నటన కాదని నాయనమ్మకు కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. భయపడితే పేగులు నిజంగానే బిగుసుకుంటాయని, దిష్టి తీయడంలో తప్పులేదు గానీ రాత్రి తొమ్మిదింటికి వాడి పక్కన కూర్చుని కథ చెబితే ఇంకా మంచిదని అన్నాను. ఆమె రెండూ చేసింది.

అసలు కష్టం ఒకే వాక్యం దగ్గర. "నేనే పంపిన కద మేడం." ఎంతమంది నీ తప్పు లేదన్నా వాడికి అది ఎక్కలేదు. ఎక్కదు కూడా. నీ తప్పు లేదని పెద్దవాళ్లు పదేపదే అంటే, ఏదో తప్పు ఉందనే పిల్లలకు అనిపిస్తుంది. అందుకే చార్ట్ కాగితం మీద మూడు నెలల కథను వరుసగా గీయించాను. పైన వాడేం చేశాడు, కింద బాబు ఏం చేశాడు. ఫొటో అడిగిన దగ్గరి నుంచి పంపిన రాత్రి వరకు గుర్తున్నవి, చాట్‌లో మిగిలినవి రాస్తే, బాబు పదకొండుసార్లు వద్దన్నాడు. వాడే లెక్కపెట్టాడు. "ఇన్నిసార్లు అన్ననా" అన్నాడు. ఆ తర్వాత ఒక పెన్ తీసుకుని పైవరుసలో ప్రతి వద్దు తర్వాత భయ్యా చేసిన పనికి గుండ్రంగా గీతలు చుట్టాడు: అలక, గిఫ్ట్ గుర్తుచేయడం, మౌనం, మళ్లీ ప్రేమ. అది తను ఓడిపోయిన ఆటలా కాక, ముందే ప్లాన్ వేసిన పనిలా కనబడింది వాడికి. కడుపునొప్పి తగ్గడం ఆ వారం నుంచే మొదలైంది.

తండ్రితో పని వీడియో కాల్‌లో జరిగింది. మొదట కోపం, ఫోన్ ఇవ్వడమే తప్పన్నాడు, ఇక ఫోన్ లేదన్నాడు. ఒప్పుకోలేదు నేను. ఆ ఫోన్ తీసేస్తే తండ్రికీ కొడుక్కీ ఉన్న ఒకే దారి పోతుంది. పైగా, చెబితే ఫోన్ పోతుందన్న వాడి బెదిరింపు నిజమవుతుంది. అలా జరిగితే చెల్లెలు కూడా ఒక పాఠం నేర్చుకుంటుంది, ఏమైనా జరిగితే దాచిపెట్టాలని. చాట్‌లోని ఆ హాస్టల్ వాక్యాన్ని బాబు అనుమతితో తండ్రికి చదివి వినిపించాను. చాలాసేపు స్క్రీన్ మీద ఆయన ముఖం కనబడలేదు, ఫోన్ పక్కన పెట్టేశాడు. మళ్లీ వచ్చాక, కొడుకుతో ఏం చెప్పాలో నాతో రెండుసార్లు అనుకుని చూసుకుని, వాడిని పిలవమన్నాడు. "నువ్వు ఎంత తప్పు చేసినా ఫస్ట్ నాకే చెప్పు బిడ్డా. నాకు కోపమొస్తది, అరుస్త కావచ్చు. గని నిన్ను ఇడిసిపెట్ట" అన్నాడు. కోపం రాదని అబద్ధం చెప్పకపోవడం నాకు నచ్చింది. పిల్లలు నమ్మేది అలాంటి మాటనే.

ఫోన్ విషయంలో ఇంట్లో కుదుర్చుకున్నవి ఎక్కువేం లేవు. రాత్రి ఛార్జింగ్ హాల్లో. గేమ్‌లో వాయిస్ చాట్ బయటివాళ్లకు ఆఫ్, క్లాస్‌మేట్లతోనే టీమ్. ఫ్రెండ్స్ లిస్టు ఎవరికీ కనబడకుండా. ఇన్‌స్టాగ్రామ్‌లో టీన్ అకౌంట్లు 2025 ఫిబ్రవరిలో మన దేశంలో మొదలయ్యాయి, పదహారేళ్లలోపు పిల్లలు వాటి సెట్టింగ్స్ సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇవన్నీ పనికొస్తాయి. అయితే ఈ కేసు మొదలైంది ఇన్‌స్టాగ్రామ్‌లో కాదు, ఆటలోని వాయిస్ చాట్‌లో. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్ పనిచేయదు. సెట్టింగ్స్ దాటి వచ్చేవాడి సంగతి పిల్లవాడు ఇంట్లో చెప్పగలిగితేనే తెలుస్తుంది. అందుకే ఫోన్ కొనిచ్చే తల్లిదండ్రులను ఒక మాట ముందే అనమంటాను: ఫోన్‌లో ఏం జరిగినా, నువ్వు ఏం పంపినా, చెప్పినందుకు ఫోన్ లాక్కోను. సమస్య వచ్చాక అంటే ఆలస్యం. కొనిచ్చిన రోజే అనాలి, తర్వాత ఆ మాట మీద నిలబడాలి.

స్కూల్లో హెడ్‌మాస్టర్‌కు, ఒక్క టీచర్‌కు మాత్రం అవసరమైనంత చెప్పాం. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే కడుపులో బాగా లేక ఆసుపత్రిలో చూపించుకున్నానని చెప్పడం ప్రాక్టీస్ చేశాం. అది అబద్ధం కాదు కాబట్టి వాడికి సులువైంది.

ఇప్పటి స్థితి

కిరాణా కొట్టు నుంచి వెళ్లిన డబ్బు చేరిన ఖాతా అద్దెకిచ్చిన ఖాతా అని తేలింది. అయినా దాన్ని, గేమ్ ఐడీని పట్టుకుని పోలీసులు వేరే రాష్ట్రంలో ఒకడిని పట్టుకున్నారు. పదహారేళ్ల కుర్రాడు కాదు, ముప్ఫైకి దగ్గరగా ఉన్న మనిషి. ఇది విన్నప్పుడు బాబుకు వచ్చింది భయం కాదు, అసహ్యం. అంత పెద్దవాడు తనతో మూడు నెలలు ఆట ఆడాడా అని. ఆ విషయం మీదే మళ్లీ కొన్ని భేటీలు అవసరమయ్యాయి. పట్టుబడినవాడి ఫోన్‌లో ఇంకొందరు పిల్లల చాట్‌లు ఉన్నాయి. పోక్సో, ఐటీ చట్టాల కింద ఛార్జిషీటు దాఖలైంది, ప్రత్యేక కోర్టులో విచారణ సాగుతోంది.

కోర్టులో నిందితుడు ఎదురుగా కనబడకుండా ఏర్పాటు చేయాలని చట్టంలోనే ఉంది. సపోర్ట్ పర్సన్ బాబును ఒకరోజు ఖాళీగా ఉన్న కోర్టు గదికి తీసుకెళ్లి ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూపించింది. వాయిదా దగ్గరపడ్డప్పుడు కడుపునొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి అది ఎందుకొచ్చిందో వాడే తల్లికి చెప్పి, నా దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. వాంగ్మూలం అయ్యే దాకా వారానికోసారి కలుస్తున్నాం. మొన్న వచ్చినప్పుడు వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఆ ఫోన్‌లో ఉన్న మిగతా పిల్లలు దొరికారా అని. ఇద్దరిని గుర్తించారని, మిగతావాళ్ల కోసం ఆయా జిల్లాల పోలీసులకు రాశారని ఎస్సై చెప్పిన మాట అలాగే చెప్పాను.